గిలాబుకు ముందు

మస్కట్‌లో రువి లాంటి పాత పేటల్లో కిటికీ ఏసీ తీసేసి స్ప్లిట్ ఏసీ పెట్టించుకునే ఇళ్లు చాలా ఉంటాయి. పాత డబ్బా కిందికి దిగాక గోడలో రెండడుగుల వెడల్పున ఎండ లోపలికి పడుతుంది. ఆ బొక్క పూడ్చే పని చాలాసార్లు జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, నిజామాబాద్ నుంచో వెళ్లిన మన మేస్త్రి చేతికే వస్తుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గోడ నున్నగా ఉంటుంది. రంగు కూడా పడుతుంది. నాలుగైదు నెలలు గడిచాక ఆ రంగు మీద వెంట్రుకంత గీత ఒకటి తేలుతుంది. అడ్డంగా కొంత, నిలువుగా కొంత, కొలిచి గీసినట్టు సరిగ్గా పాత ఏసీ అంచుల వెంబడే.

బొక్క నిండింది, పైన గిలాబు పడింది, రంగూ వేశారు. అయినా ఆ బొక్క ఎక్కడుండేదో గోడ మనకు చూపిస్తూనే ఉంది. ఎందుకో చెప్పాలంటే సిమెంటు కడుపులోకి వెళ్లాలి.

వంద గ్రాముల సిమెంటు పూర్తిగా గట్టిపడే క్రమంలో దాదాపు 23 గ్రాముల నీటిని రసాయనికంగా కలుపుకుంటుంది. ఆ చర్యలో పుట్టే జిగురు తన సందుల్లో మరికొంత నీటిని పట్టి ఉంచుకుంటుంది. రెండూ కలిపి 40 గ్రాములు ఉంటే చాలు. కాని అంత కొద్ది నీళ్లతో కలిపిన మాలు తాపీకి లొంగదు. అందుకని యాభై, అరవై దాకా పోస్తాం. ఆ అదనపు నీరు ఎవరికీ అక్కర్లేదు. అది మాలులోని సన్నని సందుల్లో నిలబడి, రోజుల తరబడి, వారాల తరబడి మెల్లగా గాలిలోకి పోతుంది. పోతూ ఊరుకోదు. సన్నటి సందులో సగం ఆవిరై సగం మిగిలిన నీటికి పైతలం లోపలికి వంగుతుంది, ఆ వంపు సందు గోడల్ని దగ్గరకు లాగుతుంది. తలంటుకున్న పిల్ల జుట్టు చూడండి: తడిగా ఉన్నంతసేపూ పాయలు పాయలుగా అతుక్కునే ఉంటుంది. వెంట్రుకల్ని అలా కలిపి పట్టుకున్నది వాటి నడుమనున్న నీటి పొరే. సిమెంటు లోపల అలాంటి సందులు కోట్లలో ఉంటాయి. అన్నీ కలిసి లాగితే మాలు మీటరుకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా కుదించుకుపోతుంది.

చెవికి చిన్న లెక్కే. కాని రెండడుగుల బొక్కను అచ్చంగా మాలుతోనే నింపితే ఆ ముద్ద దాదాపు అర మిల్లీమీటరు చిన్నదవుతుంది. చుట్టూ ఉన్న గోడ ఇరవై ఏళ్ల కిందటిది. దాని కుదింపు ఎప్పుడో అయిపోయింది, అది కదలదు. ముద్ద లోపలికి తగ్గుతుంది, గోడ ఉన్నచోటే ఉంటుంది, నడుమ అంచు తెగుతుంది. పదో వంతు మిల్లీమీటరు చీలికను కూడా మన కన్ను దగ్గర్నుంచి పట్టేస్తుంది. పైన పూసిన గిలాబు ఆ అంచుకు రెండువైపులా గట్టిగా అంటుకుని ఉంది కాబట్టి, కింద తెగిన చోటే తనూ తెగుతుంది.

నాకు ఇక్కడ మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. మట్టి గోడకు ఎలుక కన్నం పడితే ఆమె ముందు మట్టి కలిపేది కాదు. పెరట్లోకి వెళ్లి పగిలిన పెంకు ముక్కలు ఏరుకొచ్చేది. వాటిని కన్నంలోకి రోకలి మొనతో బిగించి కొట్టి, సందుల్లో మాత్రమే గడ్డి కలిపిన మట్టి కూరేది. ఆపైన పేడతో అలికేది. ఎలుక మళ్లీ తొవ్వకుండా పెంకు వేశానని చెప్పేది. అది నిజమే. అయితే ఆ పెంకు ఇంకో పని కూడా చేసింది. ఆరితే కుదించుకునేది మట్టి. పెంకు కుదించుకోదు. కన్నంలో పెంకు ఎంత ఎక్కువైతే కుదించుకునే సరుకు అంత తక్కువ.

ఇదే విషయానికి 1956లో జెరాల్డ్ పికెట్ అనే ఇంజినీరు లెక్క కట్టాడు. సిమెంటు ముద్దలో ఇసుక, రాయి పాలు పెరిగేకొద్దీ మొత్తం కుదింపు ఎంత వేగంగా పడిపోతుందో ఆయన సూత్రం చెబుతుంది. ఘనపరిమాణంలో నూటికి డెబ్బై పాళ్లు రాయీ ఇసుకా ఉంటే కుదింపు ఒట్టి సిమెంటు ముద్దతో పోలిస్తే ఇంచుమించు ఆరో వంతుకు దిగిపోతుంది. రాళ్లు తాము కుదించుకోకపోవడమే కాదు, తమను పట్టుకుని ఉన్న ముద్దను కూడా కుదించుకోనివ్వవు. వాటి నడుమ ముద్ద ఇరుక్కుపోతుంది.

అందుకే మంచి మేస్త్రి పెద్ద బొక్కను మాలుతో నింపడు, గోడతో నింపుతాడు. ఒమన్‌లో ఇళ్ల గోడలు ఎక్కువగా సిమెంటు బ్లాకులవి. అక్కడి మాటలో తాబూక్. బొక్క ఎంత ఉందో కొలిచి, బ్లాకును కోసి, చుట్టూ వేలి వెడల్పు సందు వదిలి లోపల కూర్చోబెట్టాలి. మాలు ఆ సందుకే పరిమితం కావాలి. పిడికిలంత బొక్క అయితే బ్లాకు ముక్కలు, రాతి చిప్పలు మాలులో ముంచి ఒకదాన్నొకటి ఒరుసుకునేలా బిగించాలి. బ్లాకు కూడా సిమెంటుదే కదా, అదీ కుదించుకోదా అని అడగవచ్చు. కుదించుకుంటుంది. కాని పోసి నెలలైన బ్లాకు ఆ పని చాలావరకు ముగించుకునే వచ్చింది. నిన్న పోసిన పచ్చి బ్లాకును తెచ్చి పెడితే మాత్రం మాలు ముద్ద పెట్టినంత పనే అవుతుంది.

తాబూక్‌తో ఇంకో చిక్కుంది. చాలా బ్లాకులు లోపల డొల్ల. ఏసీ పైపు కోసం మిషనుతో కోసిన రంధ్రం అయితే ఆ డొల్లలోకే తెరుచుకుంటుంది, వెనక ఆసరా ఉండదు. ఎంత మాలు పెట్టినా లోపలికి జారిపోతుంది. తొందరలో ఉన్నవాళ్లు ఖాళీ సిమెంటు సంచి కాగితాన్ని ఉండ చేసి కుక్కి, పైన రెండంగుళాల మాలు పట్టించేస్తారు. ఆ పూటకు నిలుస్తుంది. తర్వాత తేమ తగిలి కాగితం కుళ్లుతుంది, మాలు పలక వెనక గాలి మిగులుతుంది. వేలి కణుపుతో తట్టితే మిగతా గోడ ఒకలా, ఆ చోటు ఒకలా పలుకుతాయి. గట్టి గోడలో దెబ్బ లోతుకు వెళ్లి అణగిపోతుంది. పలక మాత్రం డప్పు తోలులా కంపించి డొల్ల చప్పుడు చేస్తుంది. మేస్త్రులు గోడ మీద చెవిపెట్టి వినేది దీన్నే. కాగితానికి బదులు బ్లాకు ముక్కలకు మాలు పూసి డొల్లలోకి ఒరగా దూర్చి, అవి పట్టేదాకా ఆగి, ఆ తర్వాత ముందువైపు నింపాలి.

ఇక దాహం సంగతి. పొడి బ్లాకు మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లండి. చుక్క నిలవదు, మచ్చ మాత్రం మిగులుతుంది. బ్లాకు లోపలి సందులు దీపం వత్తి నూనెను పీల్చినట్టు నీటిని పీలుస్తాయి. సందు ఎంత సన్నమైతే లాగుడు అంత బలంగా ఉంటుంది. ఆ పొడి అంచుకు తడి మాలు తగిలిస్తే మొదటి రెండు మూడు మిల్లీమీటర్ల మాలులోని నీటిని బ్లాకు తాగేస్తుంది. సిమెంటు గింజకు తినడానికి నీరు మిగలదు. అక్కడ గట్టి బంధం పుట్టాల్సింది పోయి, గోళ్లతో గీకితే రాలే పొడి మిగులుతుంది. మొత్తం బొక్కలో అతి బలంగా ఉండాల్సిన చోటు అంచు. పొడి గోడ దాన్నే అతి బలహీనం చేస్తుంది.

కాబట్టి ముందు దులపాలి. వదులుగా ఉన్నదంతా సన్న ఉలితో, బ్రష్‌తో రాల్చేయాలి, తర్వాత నీళ్లు కొట్టాలి. ఆ దాహం తీరాక మాలు పెట్టే సమయానికి పైన నీళ్లు మెరుస్తూ ఉండకూడదు. నీటి పొర ఉంటే మాలు గోడను తాకదు, నీటిని తాకుతుంది. ఆ చోట సిమెంటు పలచబడి మళ్లీ అదే బలహీనత వస్తుంది. లోపల తడి, పైన చెమ్మ మాత్రమే: ఆ సమయం పట్టుకోవడం చేతికి అలవాటు కావాలి. కరీంనగర్ ఎండలో ఆ అలవాటు చేసుకున్న చేయి కూడా ఒమన్‌లో కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. నీళ్లు కొట్టి మాలు గమేళా అందుకునేలోపే గోడ ఆరిపోతుంది.

ఆ ఎండ గురించి ఒక్క సంగతి చెబుతాను. మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రం ఒడ్డున ఖురయ్యాత్ అనే ఊరుంది. 2018 జూన్ చివర్లో అక్కడ ఇరవై నాలుగు గంటల పాటు వేడి 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. అది రాత్రిపూట లెక్క. మధ్యాహ్నం అంతకంటే ఎక్కువ. వేడికి సిమెంటు చర్య వేగం అందుకుంటుంది, మాలు త్వరగా బిగుస్తుంది. ఇది మేలే అనిపిస్తుంది. కాని నీరు అంతకంటే వేగంగా పారిపోతుంది. సిమెంటు సందుల్లోని గాలిలో తేమ ఎనభై శాతానికి తగ్గిందంటే చర్య దాదాపు నిలిచిపోతుందని టి. సి. పవర్స్ అనే శాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో చూపించాడు. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని మనలో చాలామంది అనుకుంటాం. ఎండితే ఆగిపోతుంది. తడిగా ఉన్నంతకాలమే గట్టిపడుతూ ఉంటుంది.

ఒమన్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా బయట ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. మనిషి కోసం పెట్టిన నియమం ఇది, దాని మేలు ఎంత చెప్పినా తక్కువే. మాలు కోణంలోంచి కూడా ఒకసారి చూద్దాం. పన్నెండు గంటలకు కలిపిన మాలు మూడున్నరకు ఎలా ఉంటుంది? మామూలు సిమెంటు అరగంటలోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదని మన భారతీయ ప్రమాణం అంటుంది. మామూలు వాతావరణంలో రెండు మూడు గంటలు పడుతుంది, ఈ ఎండలో ఇంకా తక్కువ. మూడున్నరకు గమేళాలో ఉన్నది చూడ్డానికి మాలే. లోపల మొలిచిన బంధాలు అప్పటికే చాలా ఉన్నాయి. దాంట్లో మళ్లీ నీళ్లు పోసి కలియబెడితే మెత్తబడుతుంది, నిజమే. మొలిచిన బంధాలు తెగి మెత్తబడుతుంది. ఆ తెగినవి తిరిగి రావు, పోసిన నీళ్లేమో కొత్త కుదింపు అవుతాయి. ఆ మాలుతో బొక్క పూడిస్తే ఏసీ అంచుల గీత ఇంకా తొందరగా తేలుతుంది. విరామానికి ముందు పూర్తి చేయగలిగినంతే కలపాలి. అప్పటికే నింపిన బొక్క మీద తడి గోనెపట్టా వేసి పోవాలి. మూడు గంటల ఎండకు ఆ గోనెపట్టా ఒక్కటే అడ్డం.

ఇసుక విషయంలో మాట దాటవేయలేను. ఎడారి దేశంలో ఇసుకకు కరువేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఒమన్‌లోని షర్కియా దిబ్బల ఇసుక గాలికి దొర్లి దొర్లి గుండ్రబడింది. గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజు, చాలా సన్నం. ఒకే సైజు గింజల మధ్య ఖాళీలు ఎక్కువ మిగులుతాయి. వాటిని నింపడానికి సిమెంటు ముద్ద ఎక్కువ కావాలి. ముద్ద ఎక్కువైతే కుదింపు ఎక్కువని పికెట్ ముందే చెప్పాడు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను పిలుస్తుంది, ఇనుమును తింటుంది, గోడ మీద తెల్లటి పొక్కుగా పూస్తుంది. వాన వస్తే పారే వాదీలు కొండల నుంచి మోసుకొచ్చే ఇసుకలో పెద్ద గింజ, చిన్న గింజ, కోణాలున్న గింజ అన్నీ ఉంటాయి. జల్లించి కడిగితే అదే మాలుకు బాగా పనికొస్తుంది.

లోతైన బొక్కను ఒక్కసారిగా నింపడం కూడా మంచిది కాదు. మందమైన ముద్ద తన బరువుకు తానే జారి పై అంచు దగ్గర నెలవంకలా సందు వదులుతుంది. అంగుళం మందం పెట్టి, అది బిగుస్తుండగా తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీతలు కొట్టి, మర్నాడు పై పొర పెట్టాలి. ఆఖరి పొర గోడ మట్టానికి కొద్దిగా లోపలే ఆగాలి. గిలాబు మందం బొక్క మీదా, పక్క గోడ మీదా ఒకేలా ఉండాలి. బొక్కను గిలాబుతో పాటే ఒకే ఊపులో నింపేస్తే బొక్క దగ్గర ఐదు అంగుళాలు, పక్కన అర అంగుళం మందం వస్తుంది. ఒకే పూత రెండు వేగాలతో ఆరుతుంది. నింపాక తడుపుతూ కనీసం మూడు నాలుగు రోజులు, వీలైతే వారం ఆగి, ఆపైన ఆరనిస్తే ముద్ద గిలాబు పడకముందే చేతనైనంత కుదించుకుంటుంది. ఇంటివాళ్లకు ఈ ఆగడం నచ్చదు. మేస్త్రి తొలిరోజే చెప్పి ఒప్పించుకోవాలి.

బొక్క చుట్టూ అంచు దాటి ఒక జానెడు దాకా కోళ్ల జాలి కొట్టి దానిపైన గిలాబు చేసేవాళ్లూ ఉన్నారు. అది మంచి పని. జాలి చీలికను ఆపదు. ఒక్కచోట అర మిల్లీమీటరు తెరుచుకోవాల్సిన దాన్ని కంటికి ఆననంత చిన్న చీలికలుగా పంచేస్తుంది. ఒమన్‌లో దీని అవసరం ఎక్కువే. లోపల ఏసీతో 24 డిగ్రీలు, బయట పడమటి గోడ మీద అరవైకి దగ్గరగా ఉండే మధ్యాహ్నాలుంటాయి. రాత్రికి అది తగ్గుతుంది. మూడు మీటర్ల గోడ ఇరవై డిగ్రీల తేడాకే అర మిల్లీమీటరుకు పైగా సాగి ముడుచుకుంటుంది, రోజూ ఒకసారి.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. స్విచ్ బాక్సు నిలబెట్టడానికి కరెంటు పని చేసేవాళ్లు చుట్టూ పీఓపీ కూరి వెళ్లిపోతారు. అది కుదించుకోదు, పైగా గట్టిపడుతూ రవ్వంత ఉబ్బుతుంది. అందుకే వాళ్లకు అంత ఇష్టం. అది జిప్సం. దానిపైన సిమెంటు గిలాబు పడి, ఆ చోటుకు తడి చేరుతూ ఉంటే జిప్సంలోని సల్ఫేటు సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి ఎట్రింజైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరుగుతుంది. అవి చాలా చోటు అడుగుతాయి. గిలాబు లోపలి నుంచి తోసుకుని పైకి లేస్తుంది. తడి తగిలే గోడలో పీఓపీ తీసేసి మాలు పెట్టడమే మేలు.

ఇంతవరకు సిమెంటు గోడకు సిమెంటు అతుకు. ఒమన్‌లో సిమెంటు కన్నా ఎంతో పాత గోడలున్నాయి. నిజ్వా పట్టణానికి పడమటి దిక్కున బహ్లా కోట ఉంది. రాతి పునాది మీద కాల్చని ఇటుకలతో లేచిన గోడలు, బురుజులు. పన్నెండు నుంచి పదిహేనో శతాబ్దం దాకా ఆ ప్రాంతాన్ని ఏలిన బనూ నెబ్‌హాన్ వంశం బలానికి గుర్తు అది. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది 1988లోనే ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోకి తీసుకుంది. అప్పట్లో వాన పడితే గోడలు కూలుతుండేవి. 2004లో ఆ రెండో జాబితా నుంచి బయటికి తెచ్చారు. నడుమ జరిగిన మరమ్మతులో మట్టికి మట్టినే వాడారు.

మట్టి గోడలో బొక్కకు సిమెంటు పెడితే ఏమవుతుంది? గట్టిగా ఉంటుంది కదా, ఇంకా మంచిదే కదా అనుకునేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. మట్టి గోడ నేల తడిని పీలుస్తుంది, దాన్ని పైతలం మీదుగా గాలికి వదిలేస్తుంది. సిమెంటు అతుకు ఆ దారిని మూసేస్తుంది. తడి అతుకు అంచుల వెంట తిరిగి అక్కడే బయటపడుతుంది, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదిలేస్తుంది. ఉప్పు స్ఫటికాలు పెరిగి మట్టిని పొడి చేస్తాయి. కొన్నేళ్లకు సిమెంటు అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది, చుట్టూ ఉన్న మట్టి రాలిపోయి ఉంటుంది. పూడ్చినదానికంటే పెద్ద బొక్క తయారవుతుంది. బహ్లాలో పడిన గోడకు మట్టి ఇటుక, మట్టి పూత. మా అమ్మమ్మ పెంకు, గడ్డి, మట్టి. రెండూ ఒకే తెలివి.

నీరు పారే చోట మాత్రం మట్టి సరిపోదు. ఒమన్ ఊళ్లను బతికించినవి ఫలజ్‌లు. కొండ మొదట్లో భూగర్భంలోని నీటిని సొరంగంలో, కాలువలో వాలు చూసుకుని ఖర్జూరపు తోటల దాకా తెచ్చే పద్ధతి అది. నేటికీ దాదాపు మూడు వేల ఫలజ్‌లు పారుతున్నాయని యునెస్కో లెక్క. వాటిలో ఐదింటిని 2006లో వారసత్వ జాబితాలో చేర్చారు. నిజ్వా దగ్గరి ఫలజ్ దారిస్ అందులో ఒకటి. నీటిని గంటల లెక్కన పంచుకుంటారు. కాలువ గోడకు కన్నం పడితే కింది రైతు వంతు నీళ్లు ఎవరికీ దక్కకుండా ఇసుకలోకి పోతాయి.

ఆ కన్నానికి ఒట్టి సున్నం పనికిరాదు. సున్నం గట్టిపడాలంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు అందాలి, నీళ్లలో అది అందదు. ఒమనీలు దీనికి సారూజ్ అనే గార వాడేవాళ్లు. బంకమట్టిని నీళ్లతో కలిపి బిళ్లలుగా చేసి ఎండబెట్టి, ఖర్జూరపు మొద్దులతో పేర్చి రోజుల తరబడి కాల్చి, నలగ్గొట్టి పొడి చేసి సున్నంతో కలిపేవాళ్లు. ఆరేడు వందల డిగ్రీల వేడికి బంకమట్టిలో పొరల నడుమ బిగిసి ఉన్న నీటి అంశం ఊడిపోతుంది. దాని క్రమబద్ధమైన అల్లిక చెదిరి, సున్నంతో కలవడానికి ఎదురుచూసే స్థితికి వస్తుంది. నీళ్లలో కూడా ఆ రెండూ కలిసి సిమెంటులో ఉండే జిగురునే పుట్టిస్తాయి. మరీ ఎక్కువ కాలితే మట్టి మళ్లీ చలనం లేని స్ఫటికమై పనికిరాకుండా పోతుంది. థర్మామీటరు లేని రోజుల్లో ఖర్జూరపు మొద్దుల మంటను ఆ కొలతలో నిలిపిన పనివాళ్ల అనుభవం ఎంత గొప్పదో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

మనకిది పరాయిది కాదు. ఇటుక పొడి కలిపిన సున్నపు గారను మనం సుర్ఖీ గార అంటాం. ఎద్దులు తిప్పే గానుగలో నూరేవాళ్లు. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్టను ఆ గారతోనే కట్టారు. ఇప్పుడు కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన కొత్తరకం సిమెంటు మీద స్విట్జర్లాండ్, క్యూబా, మన ఐఐటీల శాస్త్రవేత్తలు కలిసి పనిచేస్తున్నారు. సిమెంటు తయారీలో వెలువడే బొగ్గుపులుసు వాయువు అందులో నలభై శాతం దాకా తగ్గుతుంది. ఫలజ్ కన్నానికి పెట్టిన సరుకు చుట్టూ తిరిగి మళ్లీ రువి గోడకు రాబోతోంది.

ఆ గోడ దగ్గరికి తిరిగి వెళ్దాం. మూడున్నర దాటింది. మేస్త్రి గోనెపట్టా తీశాడు, అది ఇంకా చెమ్మగానే ఉంది. పూడ్చిన బ్లాకు చుట్టూ ఉన్న సందును వేలితో రాశాడు, పొడి అంటలేదు. తాపీ పిడితో ఒకసారి బ్లాకు మీద, ఒకసారి పక్క గోడ మీద కొట్టి విన్నాడు. గిలాబు రేపు కాదు, గురువారం చేద్దామన్నాడు. పట్టాను తడిపి మళ్లీ కప్పాడు.